ఎందుకు కాదో చెప్పండి

2021లో మా బడి హెడ్మాస్టరు గారు రిటైరైన రోజు సాయంత్రం ఆఫీసు గదిలో బల్ల మీద తాళాల గుత్తి పెట్టారు. ఆఫీసు గది తాళం, బీరువా తాళం, సైన్సు సామాన్ల గది తాళం, మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది తాళం, అన్నీ ఒకే గుత్తిలో ఉన్నాయి. పక్కన క్యాష్ బుక్కు, స్టాకు రిజిస్టరు, చార్జి అప్పగించే కాగితం. ఆ కాగితంలో ‘చార్జి తీసుకున్నవారు’ అన్న చోట నా పేరు ఉంటుందని నెల రోజుల్నించి అనుకుంటున్నాను. పేరు నాది కాదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే స్కూల్ అసిస్టెంటుని. 2012 డీఎస్సీలో నేరుగా ఆ పోస్టుకే ఎంపికయ్యాను. హెడ్మాస్టరు పోస్టు ఖాళీ అయితే, రెగ్యులర్ ఆయన వచ్చేదాకా ఆ బళ్ళో స్కూల్ అసిస్టెంట్లలో సీనియరుకి పూర్తి అదనపు బాధ్యతలు ఇవ్వడం మా దగ్గర నడిచే పద్ధతి. ‘ఎఫ్ఏసీ’ అంటాం. సీనియర్ని నేనే. గెజిటెడ్ హెడ్మాస్టరు పదోన్నతికి కావలసిన ఈవో టెస్టు, జీవో టెస్టు అప్పటికే పాసయ్యాను. పై ఆఫీసుకి రిప్రజెంటేషన్ కూడా పెట్టుకున్నాను. ఆర్డరు మాత్రం మా లెక్కల మాస్టారి పేరున వచ్చింది. ఆయన క్యాడర్లో నాకంటే మూడేళ్ళు జూనియర్. ఎస్జీటీగా చేరి పదోన్నతి మీద స్కూల్ అసిస్టెంటు అయినాయన. వయసులో నాకంటే పద్దెనిమిదేళ్ళు పెద్ద. ఊళ్ళో పెద్ద కులం.

ఆయన చెడ్డవాడని నేను రాస్తే ఈ వ్యాసం రాయడం తేలిక. కానీ ఆయన చెడ్డవాడు కాదు. లెక్కలు బాగా చెప్తాడు. మా పిల్లల్ని కొట్టడు, తిట్టడు. మా ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. తాళాల గుత్తి తీసుకునేటప్పుడు నా మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూశాడు. మరి నా బాధ దేనికి? ఆయనకు వచ్చిందని బాధా, నాకు రాలేదని బాధా, ఇంకేదన్నానా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఇది నా ఒక్కడి ప్రశ్న కాదు గనకే రాస్తున్నాను. మనవాళ్ళు ఏ ఆఫీసులో చూసినా పదోన్నతి దగ్గర, చార్జి దగ్గర, కుర్చీ దగ్గర ఒకసారైనా ఇలా ఆగిపోయినవాళ్ళే.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు నాలుగు రకాలుగా ఓదార్చారు. ‘ఆ కుర్చీలో ఏముంది మాస్టారూ, తలనొప్పి తప్ప’ అన్నారొకరు. తలనొప్పే అయితే మనకెందుకు ఇవ్వరో అర్థం కాదు. ఎన్ని తలనొప్పులు మనకే వదిలేశారు కనక! ‘ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్ళకే వస్తుంది’ అన్నారింకొకరు. ఆర్డరు రాసింది బ్రహ్మ కాదు, సంతకం కింద హోదా, తేదీ ఉన్నాయి. యూనియన్లో పనిచేసే మిత్రుడు భుజం తట్టి, ‘మీకేం మాస్టారూ, రేపు రోస్టర్లో ఎలాగూ గెజిటెడ్ అవుతారు, ఈ నాలుగు రోజుల ముచ్చట ఆయన్ని తీర్చుకోనివ్వండి’ అన్నాడు. నాలుగో రకం వాళ్ళు నాతో అనలేదు, స్టాఫ్ రూములో అన్నారు: ‘ఓర్వలేనితనం. పెద్దాయనకి వస్తే ఓర్చుకోలేకపోతున్నాడు.’

మూడో మాట దగ్గర కాసేపు ఆగాలి. సీనియారిటీ మీద రావలసింది, రేపు రోస్టర్లో వస్తుంది గదా అని ఇవ్వలేదు. రేపు రోస్టర్లో వచ్చినప్పుడు ఇదే నోరు ‘రోస్టర్లో వచ్చాడు’ అంటుంది. సొంత అర్హత మీద వచ్చే తోవ మూసేసి, రిజర్వేషన్ తోవ ఒక్కటే తెరిచిపెట్టి, ఆ తోవన వచ్చినవాణ్ణి చూసి ముక్కు మూసుకోవడం. మన ప్రతిభకి రుజువులు లేవంటారు. రుజువు చూపించుకునే చోటికి మాత్రం రానివ్వరు.

నాలుగో మాట ఇంకా లోతుగా గుచ్చుకుంది. ఓర్వలేనితనం అవునా, కాదా? అసూయకీ అన్యాయమన్న బాధకీ తేడా ఏమిటి? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. రెంటికీ మొహం ముడుచుకుపోతుంది, అన్నం సయించదు. నన్ను నేను అడుక్కున్నాను: ఆయన ఆర్డరు రద్దయి, నాకూ ఇవ్వకుండా మూడోవాళ్ళకిస్తే నాకు సంతోషమా? ఒక్క క్షణం సంతోషమే అనిపించింది. అబద్ధం చెప్పను. అది అసూయే. కానీ ఆ క్షణం పోయాక మిగిలింది వేరే. ‘ఎందుకు నాకు ఇవ్వలేదు?’ అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

ఒక్కడు చెప్పాడు. మా అటెండరు. మంచివాడు. సాయంత్రం గదులు మూస్తూ, ‘ఏమనుకోబాకండి సార్. పంద్రాగస్టుకి జెండా ఎగరేసేది హెడ్మాస్టరు. చందాలిచ్చిన పెద్దోళ్ళు కింద నిలబడాల. మీటింగైతే మీరు కుర్చీలో, వాళ్ళు బల్లకి ఇవతల. వాళ్ళకి కష్టం గదా సార్’ అన్నాడు. ఎవరి మీదా కోపం లేకుండా, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా అన్నాడు. అంత పెద్ద ఆఫీసు ఇవ్వలేని కారణం, చీపురు మూలన పెట్టే మనిషి ఇచ్చాడు. కానీ ఆ కారణం కాగితం మీదికి రాదు.

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు.

మా నాయన పద్నాలుగేళ్ళు ఒకే కామందు దగ్గర పాలేరు. మాది ప్రకాశం జిల్లా, మాలపల్లె. పొగాకు, మిరప, మాగాణి ఉన్న ఇల్లు. నలుగురు పాలేళ్ళు. వాళ్ళమీద ఒక పెద్దపాలేరు. అతను ముసలివాడై మానేశాడు. పని తెలిసినవాళ్ళలో మా నాయనే ముందు. ఏ ఎద్దు ఏ పక్క లాగుతుందో, ఏ మడికి ఎన్ని గంటలు నీళ్ళు పారాలో ఆయనకే తెలుసు. పెద్దపాలేరుతనం ఆయనకే అనుకున్నారంతా. కామందు నిన్నగాక మొన్న వచ్చిన ఇంకో కులం అతనికి ఇచ్చాడు. పెద్దపాలేరంటే వడ్లకొట్టు తాళం చేతిలో ఉంటుంది. ఆ ఇంట్లో వడ్లకొట్టు వంటింటి పక్కన, గడప లోపల ఉంది. మా నాయన పద్నాలుగేళ్ళలో ఆ గడప దాటలేదు. బస్తాలు అరుగు దాకా మోసేవాడు, అక్కణ్ణించి వేరేవాళ్ళు లోపలికి మోసేవాళ్ళు.

మా నాయన వెళ్ళి అడిగాడు: ‘నేనెందుకు కాదయ్యా?’

కామందు అన్నమాట: ‘ఓహో! అడిగేదాకా వచ్చిందా?’

మా నాయన చేతిలో చర్నాకోల అరుగు మీద పెట్టి వచ్చేశాడు. ఆ ఏడు పొగాకు బ్యారన్లో కూలికి పోయాడు. జీతం గింజలు పోయాయి, అప్పు మిగిలింది. నేను అప్పటికి ఇంకా పుట్టలేదు. చిన్నప్పుడు ఈ కథ వింటే పెద్దపాలేరుతనం రానందుకు అలిగి వచ్చేశాడనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఒకసారి అడిగితే చెప్పాడు: ‘తాళమియ్యకపోతే పోయెరా. ఎందుకియ్యవో చెప్పమన్నా. చెప్పడానికి నోరు రాలా ఆయనకి. నేనొక మనిషినైతే చెప్పుండేవాడు.’

నా ప్రశ్నకి జవాబు నాకు అక్కడ దొరికింది. ఎద్దుని ఈ కాడి నుంచి విప్పి ఆ కాడికి కట్టేటప్పుడు ఎవరూ దానికి కారణం చెప్పరు. మనిషికి చెప్పాలి. కారణం చెప్పడమంటే, నువ్వు అడగదగ్గవాడివి, నేను జవాబు చెప్పవలసినవాణ్ణి అని ఒప్పుకోవడం. కులం ఒప్పుకోనిది దీన్నే. పైవాడు కిందివాడికి జవాబుదారీ కాడు అన్నదే కులం. కుర్చీ రాకపోవడం నష్టం. ఎందుకు రాలేదో చెప్పనక్కర్లేదనుకోవడం అవమానం. నష్టాన్ని ఓర్చుకోవచ్చు, చాలామంది మంచివాళ్ళు ఓర్చుకుంటారు. అవమానాన్ని ఓర్చుకుంటే అది మంచితనం కాదు, అలవాటు.

మనవాళ్ళు ఈ ‘ఎందుకు’ ఎప్పట్నించో అడుగుతున్నారు. జాషువా గారు 1941లో రాసిన ‘గబ్బిలం’ కూడా నా దృష్టిలో ఒక రిప్రజెంటేషనే. గుళ్ళోకి రానివ్వని మనిషి తన బాధని గబ్బిలం చేత శివుడికి పంపుకుంటాడు. ‘త్రూ ప్రాపర్ చానల్’ మనకి అందుబాటులో లేనప్పుడు గబ్బిలమే దిక్కు. అంబేడ్కర్ విదేశాల్లో చదివి 1917లో బరోడా సంస్థానం కొలువులో చేరితే, ఆఫీసు జవాన్లు ఫైళ్ళు చేతికివ్వక దూరంనించి విసిరారు. ఆ ఊళ్ళో ఉండడానికి గది దొరక్క, పార్సీల సత్రంలోంచి కూడా వెళ్ళగొడితే, కొలువు వదిలి బొంబాయి వెళ్ళిపోయారు. అంత చదువు కూడా ఆయనకి ‘ఎందుకు’ అన్నదానికి జవాబు తెచ్చివ్వలేదు. అందుకేనేమో తర్వాత రాజ్యాంగంలో మనం అడగడానికి చోటు పెట్టారు.

ఆ చోటు కూడా తేలిగ్గా నిలవలేదు. పదోన్నతుల్లో రిజర్వేషన్ చెల్లదని 1992లో ఇందిరా సహానీ కేసులో సుప్రీంకోర్టు అంది. 1995లో 77వ సవరణతో 16(4ఎ) చేర్చి పార్లమెంటు దాన్ని నిలబెట్టింది. 2006లో నాగరాజ్ కేసులో కోర్టు మళ్ళీ షరతులు పెట్టింది: వెనకబాటుతనం చూపించండి, ప్రాతినిధ్యం చాలడం లేదని లెక్కలు చూపించండి, పరిపాలనా సామర్థ్యం దెబ్బతినకూడదు అని. వెనకబాటుతనం లెక్కలు ఎస్సీ, ఎస్టీలు చూపించనక్కర్లేదని చెప్పడానికి 2018 దాకా పట్టింది. ఇక ఆ ‘పరిపాలనా సామర్థ్యం’ అన్నమాట 335వ అధికరణంలోనే ఉంది. మాటలో తప్పేం లేదు. కానీ ఆ సామర్థ్యం ఎప్పుడు గుర్తొస్తుందో చూడండి. మా బడి మరుగుదొడ్లలో నీళ్ళు రానప్పుడు ఎవరికీ గుర్తు రాదు. ఒక మాలవాడు తాళాల గుత్తి అడిగినప్పుడు గుర్తొస్తుంది.

నేను ఊరుకోలేదు. అలాగని కోర్టుకీ పోలేదు. సమాచార హక్కు చట్టం 2005లో ఒక చిన్న వాక్యం ఉంది, సెక్షన్ 4(1)(డి). ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాలకు కారణాలను, ఆ నిర్ణయం తగిలినవాళ్ళకు చెప్పాలి అని దాని సారం. చదివినప్పుడు మా నాయన ప్రశ్ననే ఎవరో చట్టం భాషలోకి తెచ్చారనిపించింది. పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. రెండే ప్రశ్నలు: మా బడి స్కూల్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితా ఇవ్వండి. జాబితాలో మొదటివాడికి బాధ్యతలు ఇవ్వకపోవడానికి కారణం చెప్పండి.

ముప్పై రోజులు గడిచాయి. జవాబు లేదు. అప్పీలు వేశాను. అప్పుడొచ్చింది ఒక కాగితం. సీనియారిటీ జాబితాలో క్రమసంఖ్య 1 నేను. క్రమసంఖ్య 2 లెక్కల మాస్టారు. రెండో ప్రశ్నకి జవాబు ఒక్క ముక్క: ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’. ఎవరి సౌలభ్యమో రాయలేదు.

ఆదివారం ఊరెళ్ళి నాయనకి చదివి వినిపించాను.

‘తాళాలిచ్చారా?’ అన్నాడు.

‘లేదు నాయనా.’

‘ఎందుకో చెప్పారా?’

‘చెప్పలా. చెప్పలేదని మాత్రం వాళ్ళ చేతే రాయించుకున్నా.’

ఆయన కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, మడత పెట్టి ఇచ్చాడు. ‘దాచుకో’ అన్నాడు.

ఇక్కడితో ఆపితే నేనొక ధీరుణ్ణి అవుతాను. కాను గనక మిగతాది రాయాలి.

ఆర్డరొచ్చిన దగ్గర్నించి కాగితం వచ్చేదాకా నేను బళ్ళో ఏం చేశాను? గంట కొడితే క్లాసుకి పోవడం, గంట కొడితే ఇంటికి పోవడం. అంతకుముందు పదో తరగతి పిల్లలకి సాయంత్రం గంటసేపు అదనంగా చెప్పేవాణ్ణి. మానేశాను. నా విలువ తెలియని బడికి జీతానికి మించి ఎందుకు చెయ్యాలన్నది నా పౌరుషం. ఒకరోజు మా పేటలోంచే వచ్చే కుర్రాడు, తల్లి కూలికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకొచ్చేవాడు, వరండాలో ఆపి అడిగాడు: ‘సార్, సాయంత్రం క్లాసు ఎందుకు లేదు సార్?’

‘లేదంటే లేదు. పో’ అన్నాను.

వాడు పోయాడు. నేను కదలలేకపోయాను. ‘అడిగేదాకా వచ్చిందా’ అన్న కామందు గొంతు అచ్చంగా నా గొంతులోంచి వచ్చింది. ఊళ్ళో ఉన్నవాళ్ళ పిల్లలు కాన్వెంటు బస్సెక్కి పోతున్నారు. మా బళ్ళో మిగిలింది మాల, మాదిగ, యానాది పిల్లలు, చేతివృత్తుల వాళ్ళ పిల్లలు. పై ఆఫీసు మీద అలిగి నేను కోత పెట్టింది వీళ్ళ చదువుకి. నన్ను దాటేసినవాళ్ళకి నా అలక వల్ల ఒక్క వెంట్రుక ఊడలేదు. మర్నాడు క్లాసులో నిలబడి, ‘నాకు కోపం వచ్చి క్లాసు మానేశాను. కోపం మీ మీద కాదు. తప్పు నాది’ అని చెప్పాను. పిల్లలకి ఏం అర్థమైందో తెలియదు. సాయంత్రం అందరూ ఆగారు.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది.

రెగ్యులర్ హెడ్మాస్టరు రాలేదు. 2023 బదిలీల్లో లెక్కల మాస్టారు వేరే బడికి వెళ్ళారు. ఇప్పుడు నేనే అనుకున్నారంతా, నేనూ అనుకున్నాను. అవే బదిలీల్లో మా బడికి బయాలజీ టీచరుగా ఒకామె వచ్చారు. 2008 డీఎస్సీ. నాకంటే సీనియర్. మాదిగ.

స్టాఫ్ రూములో చెవులు కొరుక్కోవడం మొదలైంది. మొన్న నన్ను ఓర్వలేనివాడన్నవాళ్ళే ఇప్పుడు నా పక్షం. ‘మీకు మళ్ళీ అన్యాయం జరుగుతోంది మాస్టారూ. ఆమె ఊరికి కొత్త. మీరు రిప్రజెంటేషన్ పెట్టండి, మేం సంతకాలు పెడతాం.’ మా పల్లెలో పెద్దలూ అదే అన్నారు, ఇంకో రకంగా: ‘మనం వాళ్ళ కిందా?’

ఆ రాత్రి కూర్చుని రాశాను కూడా. ‘సదరు ఉపాధ్యాయిని ఈ గ్రామానికి కొత్త. స్థానిక పరిస్థితులపై అవగాహన లేదు. కావున పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా...’ కలం అక్కడ ఆగింది. నా బీరువాలో దాచుకున్న కాగితంలోని మాట, ఎవరూ చెప్పకుండానే నా చేతిలోంచి వచ్చింది.

అంటే ఆ మాట ఆ ఆఫీసర్ది ఒక్కడిదే కాదు. ఎవడికి కింద ఒకడు కనపడితే వాడి నోట్లోకి వచ్చి కూర్చుంటుంది. నాకు ఇంకో సంగతి కూడా తట్టింది. 1994లో మా జిల్లా ఈదుమూడిలోనే దండోరా మొదలైంది. మన వాటా మాకెందుకు రాలేదని మాదిగలు అడిగారు. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేస్తే మా పల్లెలో పండగ చేసుకున్నారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెయ్యవచ్చంది. ఈ వాదనలో ఎవరి లెక్కలు వాళ్ళకున్నాయి, అవి తేల్చుకోవలసిందే. నేననేది లెక్కల సంగతి కాదు. ముప్పై ఏళ్ళు వాళ్ళు ‘ఎందుకు?’ అని అడుగుతుంటే, మాలో చాలామందిమి చెప్పిన జవాబు కారణం కాదు. ‘అడిగేదాకా వచ్చారా’ అన్న విసురే.

అసూయకీ అన్యాయమన్న బాధకీ తేడా నాకు ఆ రాత్రి తెలిసింది. నాకు తెచ్చిపెట్టే రూలుని, నాకు రాకుండా చేసినప్పుడు కూడా రూలనే అంటానా? అంటే నా మొదటి ఫిర్యాదు న్యాయం. అనకపోతే అప్పుడు లెక్కల మాస్టారి మీద నేను పడ్డది ఓర్వలేనితనమే, స్టాఫ్ రూము చెప్పిందే నిజం. నా రెండేళ్ళ కాగితం పోరాటం నిజమో అబద్ధమో ఆమెకి తాళాలు వెళ్ళేచోట తేలుతుంది.

రాసింది చించేశాను. మర్నాడు ఆమే వచ్చి అడిగారు: ‘తమ్ముడూ, నువ్విక్కడ ముందునించీ ఉన్నావు. నీకేమన్నా ఇబ్బందా?’

‘సీనియర్ మీరక్కా. ఇబ్బందేముంది’ అన్నాను. లోపల ఇబ్బంది ఉంది. అది ఆమె పరిష్కరించవలసింది కాదు.

ఆ పంద్రాగస్టుకి జెండా ఆమె ఎగరేశారు. చందాలిచ్చిన పెద్దల్లో ఇద్దరు వచ్చి కింద నిలబడ్డారు. మిగతావాళ్ళు పనుందని రాలేదు. పిల్లలు జనగణమన పాడారు, బిళ్ళలు పంచాం. మన చేతిలోకి తాళాలొస్తే పరిపాలన కూలిపోతుందని ఎవరన్నా అంటే చెప్పడానికి నా దగ్గర ఈ సాక్ష్యం ఉంది: ఏమీ కూలలేదు.

ఈ పుస్తకం చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. మీరూ ఉద్యోగాల్లోకి వస్తారు. ఏదో ఒక రోజు మిమ్మల్నీ దాటేసి పోతారు. ఓర్చుకోమని చెప్పను. ఓర్పు మన తాతలు చాలా చూపించారు, దానికి వచ్చింది ఇంకాస్త బరువే. ఎందుకు కాదో అడగండి, నోటితో కాదు, కాగితం మీద. జవాబు లేకపోతే లేదనే రాయించుకోండి. మీ కోపం ఖరీదు మీకంటే కిందున్నవాళ్ళ చేత కట్టించకండి. రేపు మీ చేతికి తాళాలొచ్చాక ఎవరన్నా వచ్చి ‘నేనెందుకు కాదు?’ అని అడిగితే, వాళ్ళు మాదిగైనా, యానాదైనా, ఆడమనిషైనా, పదో తరగతి కుర్రాడైనా, కూర్చోబెట్టి కారణం చెప్పండి. చెప్పలేని కారణమైతే నిర్ణయం మార్చుకోండి.

నేను ఇంకా స్కూల్ అసిస్టెంటునే. రోస్టర్లో నా వంతు వచ్చిన రోజు సంతోషంగా తీసుకుంటాను, తల దించుకోను. ఈలోగా బీరువాలో ఆ కాగితం ఉంది. సాయంత్రం క్లాసు నడుస్తోంది.